చుక్క పడేది ఒకచోట, చిల్లు మరోచోట: పాత బడి బస్సు కప్పును వానకు సిద్ధం చేయడం

పాత బడి బస్సు కొని దాన్ని గదిగానో, దుకాణంగానో, తిరిగే ఇల్లుగానో మార్చుకునేవాళ్లు ఖర్చుల పట్టీలో మంచాలు, వంటగట్టు, సోలార్ పలకలు, పరదాలు, రంగులు అన్నీ వివరంగా రాసుకుంటారు. కప్పు పేరిట మాత్రం ఒక్క వరుసే కనిపిస్తుంది: సందులు మూసే సిలికాన్ మందు గొట్టాలు. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన బస్సును పిల్లల్ని చేరవేయడానికి వాడనివ్వరు కాబట్టి ఇలాంటి బండ్లు చవగ్గానే దొరుకుతాయి. నల్లగొండ వైపు బత్తాయి తోటలో కాపలా గది కావాలన్నా, జడ్చర్ల దగ్గర హైవే పక్కన టిఫిన్ సెంటరు పెట్టాలన్నా, కుటుంబంతో శ్రీశైలం దారి పట్టి అమ్రాబాద్ అడవుల అంచున ఒక రాత్రి గడపాలన్నా బస్సు పనికొస్తుంది. అయితే మృగశిర కార్తెలో తొలి గట్టి వాన పడగానే మంచం మీద చుక్క మొదలవుతుంది. యజమాని కప్పెక్కి, సరిగ్గా ఆ చుక్కకు పైన ఇంకో గొట్టం సిలికాన్ పులుముతాడు. తర్వాతి వానకు చుక్క పక్క మంచం మీదికి జరుగుతుంది.

ఈ తంతు ఏటా ఎందుకు సాగుతుందో అర్థం కావాలంటే ఒక విషయం ముందు ఒప్పుకోవాలి. సీలెంటు, అంటే సిలికాన్ లాంటి సందులు మూసే మందు, నీటిని ఆపే చివరి అడ్డుగా ఉండాలి. మొదటి అడ్డు రేకు అమరికే: ఏ రేకు దేని మీదికి ఎక్కింది, నీరు ఎటు జారిపోతుంది, ఎండకు ఆ రేకు ఎంత కదులుతుంది. ఇవి తేల్చుకోకుండా ఎంత ఖరీదైన గొట్టం కొన్నా ఒక రోహిణి కార్తె గడిచేసరికి అది అంచుల దగ్గర లేచిపోతుంది.

నీటి పరిమాణం కూడా తక్కువేమీ కాదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎనిమిది మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు ఉన్న బస్సు కప్పు విస్తీర్ణం సుమారు 18 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన కురిస్తే ఆ కప్పు మీదుగా 180 లీటర్లు పోతాయి. కరవు జిల్లాలని పేరుపడిన మన దగ్గర కూడా ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఏడాదికి పది వేల లీటర్లకు పైమాటే. అందులో వెయ్యో వంతు లోపలికి దిగినా పరుపు, ప్లైవుడ్ పాడవడానికి చాలు.

నీరు లోపల నడిచే దారి

బస్సు కప్పు చూడటానికి ఒకే వంపు రేకులా ఉంటుంది గానీ అది పొరల కట్టడం. అడుగున బస్సు వెడల్పంతా విల్లులా వంగి, రెండు పక్కల స్తంభాల్లోకి దిగే ఇనుప పట్టీలు ఉంటాయి. వాటిని కలుపుతూ పొడవునా మరికొన్ని పట్టీలు పోతాయి. ఆ చట్రం మీద బయటి రేకులను ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా పరిచి రివిట్లు కొడతారు, లేదా వెల్డింగు చుక్కలు పెడతారు. లోపలి వైపు లామినేటు పలకలు గానీ సన్న రేకు గానీ వేసి మూస్తారు. బయటి రేకుకూ లోపలి పలకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగులుతుంది. లోపలికి దిగిన నీరు ఈ సందులో, పట్టీల అంచులు పట్టుకుని తనకు నచ్చినంత దూరం నడుస్తుంది.

నల్లగొండలో ఒక షెడ్డుకు వచ్చిన బస్సులో కుడివైపు నాలుగో కిటికీ పైన పలక ఉబ్బి ఉంది. యజమాని కిటికీ బీడింగు మార్పించాడు, కిటికీకి పైన కప్పు మీద సిలికాన్ పట్టించాడు, ఫలితం లేదు. పలక విప్పితే లోపల పొడవు పట్టీ అడుగు అంచున గోధుమరంగు గీత ఒకటి కనిపించింది. వేలితో తడుముతూ పోతే ఆ గీత ముందుకు, ఇంకా ముందుకు సాగి డ్రైవరు సీటు పైన ఆగింది. అక్కడ ఒకప్పుడు బడి పేరు బోర్డు బిగించిన బోల్టు రంధ్రం ఉంది. బస్సు అమ్మేటప్పుడు బోర్డు పీకి, రంధ్రంలో పుట్టీ కూరి, పైన పసుపు రంగు కొట్టేశారు. గోటితో నొక్కగానే పుట్టీ బిళ్ల పుటుక్కున లోపలికి రాలింది. బస్సు నిలిపిన చోటు వెనక్కి కాస్త వాలు. ముందు దిగిన నీరు ఆ వాలు పట్టుకుని మీటర్ల దూరం నడిచి, పట్టీల కూడలిలో దారి దొరికిన చోట కిందికి దూకుతోంది.

కాబట్టి లోపలి పలకలు విప్పకుండా కప్పు పని మొదలుపెట్టడం దండగ. పలకలు విప్పాక మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ గుడ్డలతో మూసి లోపల నిలబడితే, సూది మొనంత చిల్లు కూడా చుక్కలా వెలుగుతుంది. ప్రతి వెలుగు చుక్క చుట్టూ మార్కరుతో గుండ్రం గీయాలి. తుప్పు గీత మొదలైన ప్రతి చోటా కూడా గుర్తు పెట్టాలి, ఎందుకంటే రేకు అతుకుల్లోంచి ఊరే నీటికి వెలుగు కనిపించే రంధ్రం అక్కర్లేదు. రెండు రేకుల మధ్య వెంట్రుకంత సందు ఉంటే నీరు దానంతటదే లోపలికి పీల్చుకుపోతుంది, వాలుకు ఎదురెక్కి కూడా.

బడి బస్సులో ఇలా వెతికితే బయటపడేవి చాలానే ఉంటాయి: అత్యవసర ద్వారంగా కప్పులో పెట్టిన మూత, గాలి కోసం పెట్టిన వెంటిలేటర్లు, సామాను క్యారియరు కాళ్ల బోల్టులు, వెనక నిచ్చెన బిగింపులు, నాలుగు మూలల దీపాలు, వాటి తీగల రంధ్రాలు, పాత రివిట్లు, రేకుల అతుకులు. మనం చివరకు మూసేవి పెద్దవి, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి. కారేవి ఎక్కువగా చిన్నవే.

ఎండ చేసే పని

వాన గురించి రాస్తూ ఎండ గురించి చెప్పడం వింతగా తోచవచ్చు. కానీ దక్షిణ తెలంగాణలో కప్పును పాడుచేసేది ప్రధానంగా ఎండే. వాన వచ్చి ఆ నష్టాన్ని బయటపెడుతుంది.

మే నెలలో ఇక్కడ నీడలో గాలి వేడే 43, 44 డిగ్రీలు ఉంటుంది. నేరుగా ఎండ తగిలే రేకు 70 డిగ్రీల దాకా కాగుతుంది. జనవరి తెల్లవారుజామున అదే రేకు పదిహేను డిగ్రీల లోపు చల్లబడుతుంది. ఈ రెండు అంచుల మధ్య తేడా 50 డిగ్రీలకు పైనే. మీటరు పొడవున్న ఉక్కు రేకు 50 డిగ్రీల మార్పుకు 0.6 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అయితే దానికి దాదాపు రెట్టింపు, 1.15 మిల్లీమీటర్లు. పాలీకార్బనేటు పలక మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది.

ఇప్పుడు 60 సెంటీమీటర్ల రంధ్రం మీద వెలుగు కోసం పాలీకార్బనేటు పలక బిగించారనుకుందాం. రేకు మూడోవంతు మిల్లీమీటరు కదిలే సమయంలో పలక దాదాపు రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. ఈ తేడాను మోయాల్సింది మధ్యలో ఉన్న సీలెంటే. సీలెంటు తన మందాన్ని బట్టి సాగుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే ఈ కదలికను ఓర్చుకుంటుంది, కాగితమంత పలచగా ఉంటే చిరుగుతుంది. స్క్రూలు బలంకొద్దీ బిగించి, సీలెంటంతా బయటికి పిండి, "బాగా పట్టింది సార్" అనే మేస్త్రీ తెలియకుండానే ఆ అతుకు ఆయుష్షు తగ్గిస్తున్నాడు. పలకకు వేసే స్క్రూ రంధ్రాలు స్క్రూ కన్నా కాస్త వెడల్పుగా లేకపోతే పలక రంధ్రం దగ్గరే చీలుతుంది కూడా.

అన్నిటికన్నా కఠిన పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పడే గాలివాన. మధ్యాహ్నమంతా కాగిన రేకు మీద ఒక్కసారిగా చల్లటి వాన, కొన్నిసార్లు వడగళ్లు. రేకు నిమిషాల్లో ముప్పై, నలభై డిగ్రీలు చల్లబడి ముడుచుకుంటుంది. అతుకు గట్టిగా లాగబడేది, నీరు మీద పడేది ఒకే క్షణంలో. గొట్టంతో నీళ్లు కొట్టి చూసినప్పుడు కారని కప్పు గాలివానకు కారడం వెనక ఉన్న మర్మం ఇదే.

కప్పుకు తెల్లటి ప్రతిఫలన పూత వేస్తే వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానాన్ని ప్రకటించింది భవనాల కోసమే అయినా అదే సూత్రం బస్సుకూ వర్తిస్తుంది. లోపల చల్లగా ఉండటం ఒక లాభం. రేకు తక్కువ కదలడం, సీలెంటుకు నేరుగా ఎండ తగలకపోవడం దానికన్నా పెద్ద లాభం. ఎన్నికలయ్యాక దొరికే ఫ్లెక్సీలు కప్పేసి తాళ్లతో కట్టడం మన దగ్గర తేలిక మార్గం. నాయకుల చిరునవ్వులు ఎంత చల్లనివైనా ఆ గుడ్డ గాలికి కొట్టుకుని రంగు గీరేస్తుంది, కింద తేమను పట్టి ఉంచి తుప్పు పెంచుతుంది. రెండు రోజుల అవసరానికి సరే, అంతకు మించి వద్దు.

ఏ మందు దేనికి

హార్డ్‌వేరు దుకాణంలో "కప్పుకు సిలికాన్ ఇవ్వండి" అంటే ఇచ్చేది చాలాసార్లు అద్దాలకు, స్నానాల గదులకు వాడే రకం. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అది గట్టిపడేటప్పుడు ఆమ్లం విడుదల చేస్తుంది. జింకు పూత ఉన్న రేకుకూ, గీరిన ఉక్కుకూ అది శత్రువు. పైన మెరుస్తూ గట్టిగా కనిపిస్తుంది, అడుగున తుప్పు మొదలవుతుంది. ఆమ్లం లేని న్యూట్రల్ సిలికాన్ రేకుకు హాని చేయదు, ఎండకు బాగా ఓర్చుకుంటుంది. కానీ దాని మీద రంగు నిలవదు. దానికన్నా పెద్ద చిక్కు, సిలికాన్ ఒకసారి పూసిన చోట తర్వాత ఏదీ సరిగ్గా అంటదు, కొత్త సిలికాన్ కూడా. పాతదాని మీద పూస్తూ పోవడం వల్ల కప్పు మీద గడ్డలు పెరుగుతాయే తప్ప కారడం ఆగదు. పాతదాన్ని బ్లేడుతో గీకి, ఎమెరీ పేపరుతో రుద్ది, రేకు మెరిసేదాకా తీయాల్సిందే. ఈ పని విసుగు పుట్టిస్తుంది కాబట్టే అందరూ దాటేస్తారు.

బస్సు ముందు అద్దాలు అతికించడానికి షెడ్లలో వాడే నల్లటి పాలీయురిథేన్ రేకును బలంగా పట్టుకుంటుంది, సాగుతుంది, రంగూ నిలుస్తుంది. దాని బలహీనత ఎండే. రంగు వేయకుండా వదిలేస్తే పైపొర పొడిబారి పగుళ్లిస్తుంది. ఎంఎస్ పాలిమర్ అని అమ్మే హైబ్రిడ్ రకం ఈ రెండింటి మంచి గుణాలనూ చాలావరకు కలుపుకుంది: ఆమ్లం లేదు, రంగు నిలుస్తుంది, ఎండను తట్టుకుంటుంది. ధర ఎక్కువ. బస్సు కప్పుకు ఒకే రకం కొనమంటే నేను అదే కొంటాను.

రెండు రేకుల మధ్య వేయడానికి మాత్రం గొట్టం మందు కన్నా బ్యూటైల్ టేపు నయం. ఇది ఎప్పటికీ గట్టిపడని జిగురు పట్టీ. ఒత్తిడికి సందుల్లోకి దూరి కూర్చుంటుంది, రేకు కదిలితే తానూ కదులుతుంది. ఎండ తగిలే చోట పైకి కనిపించేలా వేస్తే పాడవుతుంది కాబట్టి రేకు అంచు లోపలే ఉండాలి. దీన్ని తారు పట్టీతో పొరబడే వాళ్లున్నారు. వెండి రేకు అంటించిన తారు పట్టీ అత్యవసరంగా అంటించడానికి పనికొస్తుంది గానీ మే నెల వేడికి తారు కరిగి జారుతుంది, ఆ మరకలు తర్వాత వేసే రంగులోంచి కూడా పైకి తేలతాయి.

ఇక రెండు ముద్దలు కలిపి అంటించే ఎపాక్సీ, మన ఊళ్లలో ఎం-సీల్ అంటే తెలియని ఇల్లు ఉండదు. నల్లా పైపుకు అది మంచి మందే. కదలని చోట రాయిలా నిలుస్తుంది. బస్సు కప్పు కదలడమే పనిగా పెట్టుకున్న వస్తువు: ఎండకు సాగుతుంది, గుంతల్లో మెలికలు తిరుగుతుంది, ఇంజను ఆడినంతసేపూ వణుకుతుంది. రాయిలాంటి ముద్ద ఆ రేకు మీద ఎక్కువకాలం నిలవదు. బాడీ పుట్టీకీ ఇదే వర్తిస్తుంది.

పెద్ద మూతను మూయడం

కప్పులోని అత్యవసర ద్వారం గురించి ముందొక మాట. బస్సును పడకగదిగా మారుస్తూ వెనక తలుపుకు అడ్డంగా బీరువా పెట్టి, కిటికీల ఊచలు అలాగే ఉంచి, కప్పు మూత కూడా మూసేస్తే మిగిలేది ముందు తలుపు ఒక్కటే. గ్యాస్ పొయ్యి సాధారణంగా ఆ తలుపు పక్కనే ఉంటుంది. నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు. కనీసం ఒక మూతను తెరుచుకునేలా ఉంచి, దాని చుట్టూ ఎండిపోయిన రబ్బరు బీడింగు తీసి ఎండావానలకు ఓర్చే ఈపీడీఎం రకం కొత్త రబ్బరు వేసుకోవడం మంచిది. బీడింగు అతుకు వెనక అంచున రావాలి, ముందు అంచునో మూలలోనో కాదు.

మూయాలనే తేల్చుకున్న మూత దగ్గర మొదట అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే ఉక్కు రేకు, అంటుకోకపోతే అల్యూమినియం. అతుకు రేకు కూడా అదే లోహమైతే రెండూ సమంగా సాగుతాయి. ఉక్కు కప్పు మీద అల్యూమినియం రేకు నేరుగా తగిలించి బిగిస్తే తడి చేరినప్పుడల్లా అల్యూమినియం తినుకుపోతుంది, తెల్లటి పొడిలా ఊడుతుంది. తప్పనిసరైతే మధ్యలో ప్రైమరు, బ్యూటైల్ పొర ఉండి రెండు లోహాలూ తగలకుండా చూడాలి. రివిట్ల విషయంలోనూ అంతే.

వెల్డింగు చేసేస్తే శాశ్వతంగా పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. చేతినిండా అనుభవం ఉన్న వెల్డరు, సీఓటూ వెల్డింగు యంత్రం ఉంటే కుదురుతుంది. కానీ మిల్లీమీటరు కూడా మందం లేని రేకును వరుసగా కాలిస్తే అలలు తిరుగుతుంది, ఆ పల్లాల్లో నీరు నిలుస్తుంది. కాలిన చోట జింకు పూత పోయి, చేయి అందని లోపలి వైపు తుప్పు మొదలవుతుంది. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. లోపల రెక్సిను, స్పాంజి, థర్మాకోల్ ఉండగా కప్పు మీద వెల్డింగు చేయడం బస్సును చేతులారా తగలబెట్టుకోవడమే. బ్యాటరీ తీగలు విప్పకుండా వెల్డింగు మొదలుపెడితే ఆల్టర్నేటరు కూడా పోవచ్చు. నా మొగ్గు రివిట్లూ సీలెంటూ కలిపి వాడే పద్ధతికే.

అతుకు రేకు ఇరవై గేజిది సరిపోతుంది. రంధ్రం అంచు నుంచి అన్ని వైపులా కనీసం ఐదు సెంటీమీటర్లు మీదికి రావాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. పదును మూల ఎప్పుడూ ముందుగా లేస్తుంది. బస్సు కప్పు అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అతుకును కూడా ఆ వంపుకే వంచి తేవాలి. చదునైన రేకును బలవంతంగా వంచి బిగిస్తే అది జీవితాంతం పైకి లేవడానికే చూస్తుంది. రంధ్రం పెద్దదైతే అడుగున రెండు అడ్డ పట్టీలు వేయాలి. లేకపోతే కప్పు తుడవడానికి ఎక్కినవాడి మోకాలి బరువుకు రేకు సొట్టపడి చిన్న కుంట తయారవుతుంది.

తుప్పు కనిపించిన చోట వైరు బ్రష్షుతో రేకు మెరుపు కనిపించేదాకా తీయాలి. తినేసిన అంచు కత్తిరించి పారేయాలి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అతుకు కింద వదిలేస్తే లోపలినుంచి రేకును ఎత్తేస్తుంది. తర్వాత ఎపాక్సీ ప్రైమరు, అది దొరక్కపోతే రెడాక్సైడు, రంధ్రం కోసిన అంచులకు కూడా. ప్రైమరు ఆరాక ఒక శుభ్రమైన గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాలు తుడిచి, అది ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది అంతే.

ఇప్పుడు రంధ్రం చుట్టూ బ్యూటైల్ టేపు ఒక వరుస, రివిట్ల గీతకు లోపలి వైపు. బయటి అంచు కింద హైబ్రిడ్ సీలెంటు ఇంకో వరుస. అతుకు కూర్చోబెట్టి, ఐదారు సెంటీమీటర్లకొక రివిట్టు, మధ్యలోంచి మూలలవైపు కొడుతూ పోవాలి. మామూలు పాప్ రివిట్టు మధ్యలో బోలుగా ఉంటుంది. లోపలి మేకు ముక్క ఎప్పుడో రాలిపోతే అదే ఒక కొత్త చిల్లు. మూసిన గొట్టంలా వచ్చే రివిట్లు తెప్పించుకోవాలి, లేదా ప్రతి తల మీదా సీలెంటు చుక్క పెట్టాలి. అంచుల చుట్టూ చివరి పూత వేసేటప్పుడు వేలితో ఒత్తి పలచన చేయకుండా, కప్పు మీది నుంచి అతుకు మీదికి వాలుగా ఎక్కేలా దిద్దాలి.

ముందు అంచు విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. పెంకుటింటి మీద పై వరుస పెంకు కింది వరుస మీదికి ఎక్కినట్టు, నడిచే బస్సు మీద ముందు రేకు వెనక రేకు మీదికి ఎక్కాలి, ఎందుకంటే వానలో వేగంగా పోతున్నప్పుడు గాలి నీటిని ముందు నుంచి వెనక్కి నెట్టుతుంది. కప్పు మధ్యలో వేసే అతుకుకు ఆ సౌకర్యం ఉండదు, దాని ముందు అంచు గాలికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడ టేపు రెండు వరుసలు వేసి, పైన సీలెంటును కాస్త వెడల్పుగా దిద్దాలి. తోటలో కదలకుండా నిలిచే బస్సుకు ఈ బెంగ లేదు. దానికి కావలసింది కాస్త వాలుగా నిలపడం, చక్రాల కింద రాళ్లు పెట్టడం.

పని వేళ కూడా ముఖ్యమే. కాలిన పెనంలా ఉన్న రేకు మీద సీలెంటు పైపొర కట్టేసి లోపల బుడగలు వేస్తుంది. పైగా ఈ రకాలన్నీ గాలిలోని తేమతో గట్టిపడేవి. ఏప్రిల్, మే పొడిగాలిలో అవి నిదానంగా ఆరతాయి, పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటాయి. సాధారణంగా రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు తడి ఆరాక ఉదయం పూట చేస్తే రేకు మరీ సాగీ ఉండదు, మరీ ముడుచుకునీ ఉండదు. అతుకు రెండు వైపులకూ సమంగా కదలగలదు.

చిన్న బోల్టు రంధ్రాలకు ఇంత తతంగం అక్కర్లేదు. రెండు వైపులా శుభ్రం చేసి, కింద రేకు వాషరు, పైన రబ్బరు వాషరు వేసిన స్టీలు బోల్టును సీలెంటులో ముంచి బిగిస్తే చాలు. కొత్తగా పెట్టే వాటికి మాత్రం వీలైనంతవరకు కప్పును వదిలేయాలి. సోలారు తీగలు పక్క గోడలోంచి, కిటికీల పైనుండే చూరు పట్టీ కింద నుంచి తేవచ్చు. రంధ్రానికి ముందు తీగను కాస్త కిందికి వంకీ తిప్పితే నీరు ఆ వంకీ దగ్గరే రాలిపోతుంది. పొగగొట్టానిదీ అదే దారి.

కప్పు కారకుండానే తడి

అన్నీ మూశాక కూడా డిసెంబరు ఉదయాల్లో కప్పు లోపల చుక్కలు కనిపిస్తే మళ్లీ గొట్టం పట్టుకుని పైకెక్కకూడదు. అది బయటి నీరు కాదు. కిలో గ్యాసు కాలితే సుమారు ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అన్నం వార్పు, నలుగురి ఊపిరి, ఆరేసిన తువ్వాళ్లు దానికి తోడు. రాత్రి చల్లబడిన రేకుకు ఆ ఆవిరి తగిలి నీరవుతుంది. వాన లేని రోజున, అదీ కప్పంతా సమంగా చెమటపట్టినట్టు తడి ఉంటే అనుమానం ఆవిరి మీద పెట్టుకోవాలి. తడి ఒకే గీతలా, ఒకే మూలలో ఉంటే చిల్లు మీద.

దీనికి మందు గాలి ఆడటం, రేకుకు లోపలి వైపు ఉష్ణ నిరోధం. మూసిన కణాల నురుగు పట్టీ, దుకాణాల్లో ఎక్స్‌ఎల్‌పీఈ అని అడిగితే ఇస్తారు, రేకుకు సందు లేకుండా అతికించాలి. గ్లాస్ ఊలు నీరు పీల్చుకుని బరువెక్కి కిందికి జారుతుంది, చిన్న లీకును నెలల తరబడి దాచిపెడుతుంది కూడా. వెంటిలేటర్లన్నీ మూసేసినవాళ్లకే ఈ బాధ ఎక్కువ. ఒకటి ఉంచుకోండి.

పరీక్ష, ఆ తర్వాత

సీలెంటు ఆరాక నీటి పరీక్ష కింది నుంచి పైకి చేయాలి. ముందు కిటికీల పైన చూరు పట్టీ, తర్వాత పక్క అతుకులు, చివరగా కప్పు మధ్య, ఒక్కో చోట కొన్ని నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే బస్సంతా తడిసి ఏది కారిందో తెలియదు. లోపల ఒక మనిషి టార్చితో ఉండాలి. పట్టీల అంచున సుద్దపొడి అద్దితే చిన్న చెమ్మ కూడా గీతగా కనిపిస్తుంది. వాషింగ్ సెంటరు ప్రెషరు గొట్టం వాడవద్దు. అంత ఒత్తిడికి మంచి అతుకు కూడా లొంగుతుంది, పైగా ఆరీ ఆరని సీలెంటును కోసేస్తుంది. దీనికన్నా సున్నితమైన పద్ధతి ఇంకొకటి ఉంది: కిటికీలన్నీ బిగించి, లోపలికి బ్లోయరుతో గాలి కొడుతూ, బయట అతుకుల మీద సబ్బునీళ్లు పూయాలి. చిల్లు ఉన్న చోట బుడగలు లేస్తాయి. పంక్చరు షాపులో ట్యూబుకు చేసే పరీక్షే ఇది.

రోడ్డెక్కించే ఉద్దేశం ఉంటే కప్పు కోసే ముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లిరావాలి. రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. సీట్లు తీసేయడం, బండి రకం మారడం పత్రంలో నమోదు కావాలి. తోటలో దిమ్మెల మీద నిలబెట్టేదానికి ఈ తిప్పలు తక్కువే.

లోపలి పలకలు బిగించే తొందర మాత్రం వద్దు. గొట్టం నీళ్ల పరీక్ష నెగ్గిన కప్పు కూడా ఒక నిజమైన గాలివానను చూడాలి, వీలైతే ఎండలో కాగి ఉన్న సాయంత్రం వచ్చేదాన్ని. ఆ తర్వాత కూడా అతుకుల కింద వచ్చే పలకలను జిగురుతో అంటించకుండా స్క్రూలతోనే బిగించుకోవాలి, ఏటా రోహిణి వెళ్లి మృగశిర వచ్చేలోపు నాలుగు స్క్రూలు విప్పి, టార్చి వేసి చూసుకోవడానికి వీలుగా.